పాపకి తప్ప ఇంకెవరికీ కాదు

జామిగెడ్డలో సన్యాసిరావు, సూరిబాబు అని ఇద్దరు అన్నదమ్ములున్నారు. లోకంలో తెలివంతా తమ ఇంట్లోనే కాపురం పెట్టిందని వాళ్ళ నమ్మకం. చెప్పిన మాటని చెప్పినట్టు, పొల్లు పోకుండా చేయడమే తెలివనేవారు. ఆ ఇంట్లో ఈ తెలివి అంటనిది ఒక్క పైడితల్లికే. ఆమె సూరిబాబు కూతురు, పదకొండేళ్ళ పిల్ల. పుట్టినప్పటి నుంచి కాళ్ళు పని చేయవు. పాపం, చక్రాల కుర్చీలో కూర్చుని వీళ్ళిద్దరినీ చూస్తూ పెరిగింది.

బడి దూరం, అంత దాకా కుర్చీ దొర్లించలేనని సూరిబాబు కూతుర్ని ఎత్తుకుని తీసుకెళ్ళేవాడు. పిల్ల బరువెక్కింది, మోయలేకపోయాడు, బడి మానిపించాడు. ఏడాదిగా పైడితల్లి ఇల్లు కదల్లేదు. చదువంటే ప్రాణం, బెంగతో సగమైపోయింది. సంగతి తెలిసి ఒక సేవాసంస్థ వాళ్ళు కుర్చీతో సహా ఎక్కించే వ్యాను ఇచ్చారు. వెనక తలుపు తీస్తే బల్ల ఒకటి వాలుగా నేలకి దిగుతుంది, కుర్చీ దాని మీదుగా లోపలికి దొర్లుతుంది. హెడ్మాస్టరు మాత్రం, సోమవారం పది గంటల్లోపు రాకపోతే పిల్ల పేరు కొట్టేస్తానన్నాడు.

సంస్థ నుంచి వచ్చిన మాధవరావు తాళాలిస్తూ మూడు మాటలు చెప్పాడు. "బండిని బాగా చూసుకోండి. బెల్టు పెట్టందే కదలకండి. ఇది పాపకి తప్ప ఇంకెవరికీ కాదు."

ఇంకేముంది, ఆదివారమంతా అన్నదమ్ములిద్దరూ బండి ముందు పీటలేసుకుని దాన్నే చూశారు.

"బాగా సూసుకోమన్నాడు గదా, నువ్వు సగమే సూత్తన్నావు" అని అన్న రెప్ప వాల్చినప్పుడల్లా తమ్ముడు గిల్లేవాడు.

సోమవారం పొద్దున్నే పైడితల్లి కుర్చీని లోపలికి ఎక్కించారు. "బెల్టేదీ?" అన్నాడు సన్యాసిరావు. ఇద్దరూ లుంగీల వాళ్ళే, బెల్టెక్కడిది? అంతే, ఎక్కడి వాళ్ళక్కడ కొయ్యబారి నిలబడ్డారు. సూరిబాబు ముక్కు మీద ఈగ వాలింది. తోలాలంటే చెయ్యి కదలాలి కదా, ఉండనిచ్చాడు.

తొమ్మిదైంది. పేరు కొట్టేస్తారన్న భయంతో పైడితల్లికి ఏడుపొచ్చింది. కుర్చీ పక్కనున్న పట్టీని లాగి ఒంటి చుట్టూ బిగించుకుంది. "నాన్నా, ఇదే బెల్టు. పెట్టేశాను, ఇంక కదలండి."

"మన తెలివే వచ్చింది పిల్లకి" అని సూరిబాబు మురిసిపోయి ఈగని తోలుకున్నాడు.

సన్యాసిరావు పదేళ్ళు ట్రాక్టరు నడిపినవాడు. దర్జాగా ముందు తలుపు తీసి కాలు పెట్టబోతే, తమ్ముడు లుంగీ పట్టుకుని లాగాడు.

"పాపకి తప్ప ఇంకెవరికీ కాదన్నాడు. నువ్వేటి, పాపవా?"

సన్యాసిరావు ఆలోచనలో పడ్డాడు. తనకి యాభై రెండేళ్ళు, మీసాలు కూడా ఉన్నాయి. "కాను" అని ఒప్పుకున్నాడు.

"పెదనాన్నా, నడిపేవాళ్ళు ఎక్కకపోతే బండెలా కదులుతుంది?" అంది పైడితల్లి.

"తోస్తే కదులుద్ది తల్లీ. ఆ మాత్రం తెలీదేటి మాకు?"

అన్న బయట నడుస్తూ కిటికీలోంచి చెయ్యి దూర్చి స్టీరింగు పట్టుకున్నాడు. తమ్ముడు వెనక నుంచి తోశాడు. బడి దాకా కాస్త పల్లం కాబట్టి బతికిపోయారు. దారిలో ఒక ముసలమ్మ తననీ ఎక్కించుకోమంటే, "పాపవై రా" అన్నాడు సన్యాసిరావు. ఆమె తిట్టిన తిట్లు వింటూ, పదికి రెండు నిమిషాలుందనగా బడికి చేరారు. హాజరు పిలిచినప్పుడు పైడితల్లి పలికిన గొంతు వీధిలోకి వినపడింది. సూరిబాబు లుంగీ అంచుతో కళ్ళు తుడుచుకున్నాడు.

"సాయంత్రం నాలుగింటికి బండి తెచ్చి తీసుకెళ్ళండి" అన్నారు మాస్టారు.

పగలంతా బడి పక్క సందులో నిలబెట్టిన బండి సరిగ్గా నాలుగింటికి వచ్చింది. గేటు దగ్గర ఎదురుచూస్తున్న పైడితల్లి ముందు ఆగింది.

"తెచ్చాం" అన్నాడు సన్యాసిరావు.

"ఇంక తీసుకెల్దాం" అన్నాడు సూరిబాబు. ఇద్దరూ బండిని తిప్పి, తోసుకుంటూ వెళ్ళిపోయారు.

పైడితల్లి నోరు తెరిచి చూసింది. తర్వాత చక్రాలు గబగబా తిప్పుతూ వెంటపడింది. పొద్దుటి పల్లం ఇప్పుడు ఎత్తైంది కదా, బండి ఎంతో దూరం పోలేదు. రెండు నిమిషాల్లో అందుకుంది.

"నాన్నా, నన్నొదిలేసి పోతారేంటి?"

సూరిబాబు చెమటలు కక్కుతూ వెనక్కి తిరిగాడు. కూతుర్ని చూడగానే అతని మొహం వెలిగిపోయింది.

"మంచి టయానికొచ్చావు తల్లీ. ఎంత తోసినా కదల్డం లేదు, నువ్వూ ఓ చెయ్యెయ్యి."

ఏం చేస్తుంది పైడితల్లి, పుస్తకాల సంచి ఒళ్ళో సర్దుకుని, నవ్వాపుకుంటూ తన బండిని తోయడానికి చెయ్యేసింది.