దివాన్‌గారి కొండ సైకిల్

తుమ్మెదకోన రాజు చిత్రసేనుడికి ఒక ఉదయం కొండ సైకిళ్ళ మీద మోజు పుట్టింది. రాజుల కాలంలో సైకిళ్ళేమిటని అడగకండి. రాజుగారే అడగలేదు, మనకెందుకు? వాటితోపాటు మామూలు సైకిళ్ళూ బండ్లకొద్దీ తెప్పించి, పంపకం దివాన్ భుజంగరావుకు అప్పగించాడు.

దివాన్‌గారు మహా మేధావి. ఎవరు ఏ దారిన పోతారన్న చిల్లర విషయాలు పట్టించుకోకుండా హోదా చూసి పంచాడు. ముందూ వెనకా స్ప్రింగులు, లావు టైర్లు, ఎంత ఎత్తయినా ఎక్కించే గేర్లు ఉన్నదాన్ని తనకే ఉంచుకున్నాడు. ఆయన ప్రయాణమల్లా ఇంటి నుంచి కోటకు, నున్నటి రాతిబాట మీద. రాళ్ళగుట్టలెక్కి పురుళ్ళు పోసే మంత్రసాని సోములమ్మకు మాత్రం సన్న టైర్ల, గేర్లు లేని సైకిల్ దక్కింది. దాన్ని ఆమె తొక్కడం కన్నా మోయడమే ఎక్కువ.

విదూషకుడు గవరయ్యకు ఇది నవ్వులాట కాదు. అతని చెల్లెలు డేగబండ అనే కొండకు అవతలి గూడెంలో ఉంది, నెలలు నిండాయి. సోములమ్మ వేళకు చేరకపోతే ఏమవుతుందోనని అతనికి అన్నం సయించడం లేదు. దివాన్‌ను బతిమాలాడు. మంత్రసానికి దివాన్ సైకిలా అని ఆయన పకపకా నవ్వాడు.

మర్నాడు సభలో గవరయ్య చేతులు కట్టుకుని నిలబడి, దివాన్‌గారికి ఘోర అవమానం జరుగుతోందన్నాడు. అంత గొప్ప సైకిల్‌ను అందరూ నడిచే బాట మీద తిప్పడమేమిటి, దాని స్థాయికి తగ్గది డేగబండ దారే కదా అన్నాడు. రాజుకు నిజమే అనిపించింది. దివాన్ మీసం దువ్వుకుంటూ తమ చిత్తం అన్నాడు. డేగబండ ఎలా ఉంటుందో ఆయన ఎప్పుడైనా చూస్తేగా.

ఆ సాయంత్రం దివాన్ సవారీ చూడ్డానికి సభంతా బండ మీదికి చేరింది. దివాన్‌ను, సైకిల్‌ను బంట్లు విడివిడిగా మోసుకొచ్చారు. అదే వేళకు సోములమ్మ తన సైకిల్ భుజాన వేసుకుని ఆయాసపడుతూ వచ్చింది. గవరయ్య చెల్లెలికి నొప్పులు మొదలయ్యాయట.

దివాన్ కిందికి చూశాడు. అవతలి దారి నిలువునా రాళ్ళలోకి దిగిపోయి ఉంది. ఆయన గబుక్కున రెండడుగులు వెనక్కి వేశాడు.

"ప్రభూ, నేను ఇంటి నుంచి కోటకు పోయేవాణ్ణి. నా పనికి ఈ సైకిల్ దేనికండీ?"

గవరయ్యకు మనసంతా చెల్లెలి మీదే ఉన్నా గొంతులో వినయం తగ్గనివ్వలేదు.

"మరి ఎవరి పనికి తగునో తమరే సెలవివ్వాలి. పంపకం తమరిదే కదా."

దివాన్ సోములమ్మ పేరు గొణిగాడు. రాజు వినబడలేదన్నాడు. రెండోసారి కొండంతా వినబడేలా చెప్పాల్సి వచ్చింది.

సోములమ్మ ఆ సైకిల్ అందుకుని, సీటు దించుకుని, బ్రేకులు నొక్కి చూసి, రాళ్ళ మీదుగా గూడెం వైపు దిగిపోయింది. గవరయ్య అప్పటికి ఊపిరి పీల్చుకున్నాడు. రాజు తన ముత్యాల హారం తీసి అతని మెడలో వేసి, ఇకమీదట సైకిళ్ళ పంపకం నీదేనన్నాడు.

గవరయ్య వెంటనే పనిలోకి దిగాడు. సోములమ్మ వదిలి వెళ్ళిన సైకిల్‌ను తుడిచి, భక్తిగా దివాన్ ముందు నిలబెట్టాడు.

"ఇది తమరికి. నున్నటి బాటకు ఇంతకన్నా మంచిది లేదు."

రాజు కడుపు పట్టుకుని నవ్వుతూ బండ మీదే కూలబడ్డాడు.