గరిటెలో చల్లారిన భస్మం

కేదారికి గురువుగారి కళ్ళ మీద బెంగ, తన చేతుల మీద జాలి. రెండూ ఒకేసారి పట్టుకునేసరికి ఆ వానాకాలం వాడికి అన్నం సహించడం మానేసింది.

గురువు ఓంకారస్వామి కొండదాపున మఠంలో కంటిమందులు చేసే వైద్యుడు. ఊళ్ళవాళ్ళ కళ్ళు బాగుచేస్తూ చేస్తూ ఉండగానే ఆయన కళ్ళకు పొరలు కమ్మేశాయి. వెలుగూ నీడా తప్ప ఎదురుగా ఉన్న మనిషి ఆనడు.

మందు లేక కాదు. తుత్తునాగమనే లోహాన్ని కాల్చి తెల్లటి భస్మం చేసి, అందులో చిటికెడు పటిక చేర్చి కంట్లో పెట్టాలి. చిక్కల్లా ఆ చేర్చడంలోనే ఉంది. పటికను నీళ్ళలో కరిగించి, ఆ నీళ్ళతో భస్మాన్ని పొద్దస్తమానం నూరాలి. బిళ్ళలు చేసి ఆరబెట్టి, రెండు మూకుళ్ళ మధ్య పెట్టి, మన్నుతో మెత్తి, పిడకల మంటలో పుటం వెయ్యాలి. చల్లారాక మళ్ళీ నూరాలి, మళ్ళీ పుటం. ఎన్నాళ్ళకు "చాలు" అంటారో స్వామికే తెలియాలి.

వానల్లో బిళ్ళలు ఆరవు, పిడకలు అంటుకోవు. ఇది అయ్యేలోగా ఆ పొరలు ముదిరిపోతాయని కేదారి దిగులు. ఆ ప్రేమ నిజమే. నూరడమంటే వాడికి ఒళ్ళు వంగదన్నదీ నిజమే. రెండో నిజాన్ని మొదటిదాని చాటున కూర్చోబెట్టి, వాడొక ఉపాయం కనిపెట్టాడు. పొడి పటికను పొడి భస్మంలో కలిపేసి, ఉన్న పిడకలన్నీ పేర్చి, ఒక్కటే పెద్ద మంట వేశాడు.

మర్నాడు మూకుడు తీస్తే భస్మం మల్లెపువ్వులా ఉంది. ఇన్నేళ్ళూ ఈ సంగతి గురువుగారికి తట్టనందుకు వాడికి కొంచెం జాలి కూడా వేసింది.

"మందు అయిపోయింది స్వామీ."

"అప్పుడేనా?"

"అదే తుత్తునాగం, అదే పటిక, అదే తూకం. మంట ఒక్కటే కాస్త పెద్దది."

"పటిక ఎక్కడ కూర్చుంది?"

కేదారి నవ్వాడు. "భస్మంలోనే స్వామీ. లేచి ఎక్కడికి పోతుంది?"

"గరిటెలో కాచి చూశావా?"

ఆ మఠంలో అదొక కట్టుబాటు. ఏ భస్మమైనా కంటిదాకా వెళ్ళేముందు గరిటెలో వేసి కాచాలి. కాగినప్పుడు పసుపురంగుకు తిరగాలి, చల్లారాక మళ్ళీ తెల్లబడాలి. పటిక సమంగా పట్టనిది తెల్లబడదు, దాన్ని పారబోస్తారు. తెల్లగా కళ్ళెదుట కనిపిస్తున్నదాన్ని కాచి చూసేదేమిటని కేదారి ఆ పని చెయ్యలేదు.

"చూశాను స్వామీ."

"సరే, ఇటివ్వు" అని స్వామి భరిణె అందుకున్నారు.

మరునాడు పొద్దున్నే పిలుపు వచ్చింది. స్వామి గోడవైపు తిరిగి కూర్చున్నారు.

"నీ భస్మం కొంచెం, నా పాతది అడుగున మిగిలింది కొంచెం, రెండు గరిటెల్లో వేసి ఇక్కడే కాచు నాయనా."

కాచాడు. రెండూ పసుపుకొమ్ము రంగుకు తిరిగాయి. గరిటెలు దించి నేలమీద పెట్టాడు. బయట వాన ఒకటే పోత.

పాతది మెల్లమెల్లగా పాలిపోయి తెల్లబడింది. కేదారిది అంచుల్లో తెల్లబడి, నడుమ మచ్చలు మచ్చలుగా అలాగే ఉండిపోయింది. వాడు ఊదాడు. పుల్లతో కలియబెట్టి మళ్ళీ ఊదాడు. వాడి బుగ్గలు నొప్పెట్టాయిగానీ మచ్చలు చెక్కుచెదరలేదు.

"తెల్లబడిందా?"

స్వామికి కనిపించదు. ఒక్క మాట చాలు. నిన్నటి అబద్ధానికి తోడబుట్టినది నాలుక చివరన సిద్ధంగానే ఉంది.

"పాతది తెల్లబడింది స్వామీ."

"నీది?"

కేదారి చేతిలోని పుల్ల కింద పెట్టాడు.

"లేదు. అక్కడక్కడ పసుపు అలాగే ఉంది. నిన్న నేను కాచి చూడలేదు స్వామీ, తెల్లగా ఉంటే చాలనుకున్నాను."

"ఊఁ" అని, స్వామి గోడవైపు నుంచి గుమ్మంలో వెలుతురుకేసి తిరిగారు. కుడికన్ను వాచి మూసుకుపోయింది. రెప్ప సందుల్లోంచి నీరు కారి గడ్డంలోకి ఇంకుతోంది.

"ఎప్పుడు పెట్టుకున్నారు స్వామీ?"

"నువ్వు చూశానన్నాక."

కేదారి లేచి వెళ్ళి గిన్నెలో నీళ్ళు పోసి పటిక వేశాడు. అది కరిగేదాకా కదలకుండా కూర్చుని, కల్వం ముందుకు లాక్కుని, కొత్త భస్మం వేసి నూరడం మొదలెట్టాడు. నీళ్ళు ఒలికాయి. ఒలికినకొద్దీ ఇంకా గబగబా నూరాడు.

స్వామి ఆ చప్పుడు కాసేపు విన్నారు.

"మెల్లగా, కేదారీ" అన్నారు. "ఇంకొక్క కన్నే ఉంది. తొందరేం లేదు."