దిమ్మిస గుడి నీళ్ళ ఆదివారం

నీలరేవులో బస్సు దిగి సముద్రం వైపు నడిస్తే ఇసుక దిబ్బల మీద తెల్లగా కనిపించేదే పరిశుద్ధ మత్తయి దేవాలయం. బోర్డు మీద ఆ పేరే ఉంటుంది. ఆటోవాడికి ఆ పేరు చెప్పి చూడండి, తెల్లమొహం వేస్తాడు. అదే "దిమ్మిస గుడి" అనండి, తిన్నగా గుమ్మంలో దింపుతాడు.

దేవాలయానికి పడమట గంట గోపురం, తూర్పున బలిపీఠం. నడుమ ఎనిమిది గుండ్రటి స్తంభాలు. నిలువెత్తు కిటికీలకు ఆకుపచ్చ చెక్క రెక్కలు. గోడలను చలవరాయి అనుకొని చాలామంది నిమిరి చూస్తారు. కాదు, అది గవ్వసున్నంలో కోడిగుడ్డు సొన కలిపి రుద్దిన పూత. ఇవన్నీ చూడదగినవే. కాని యాత్రికులు తల ఎత్తి చూడవలసినది పైకప్పును. ఇంగ్లీషువారి గుడికి వాలుకప్పు ఉండాలి గదా, ఇది డాబాలాగా చదునుగా ఉందేమిటి అని చదువుకున్నవారు అడుగుతూ ఉంటారు. అడగవలసిన ప్రశ్నే. స్థలపురాణం అంటే ఒక ఋషి, ఒక కల ఉండాలంటారు. మా గుడికి ఋషీ లేడు, కలా లేదు. ముప్ఫై ఇద్దరు కూలి ఆడవాళ్ళున్నారు. చిత్తగించండి.

పూర్వం ఇక్కడ కుంపిణీవారి దండు ఉండేది. దండులోని తెల్లవారి ఆరాధన కోసం సర్కారు తన ఖజానా నుంచే గుడి మంజూరు చేసింది. నక్షా సీమ నుంచి, అంటే ఇంగ్లండు నుంచి వచ్చింది. అందులో కప్పు నిటారుగా, ఏటవాలుగా ఉంది. మంచు జారిపోవడానికట! నీలరేవులో మంచు కురవాలంటే లోకం తలకిందులు కావాలి. గుడి కట్టించే ఇంజనీరు విల్మాట్ దొర ఆ కప్పును కొట్టివేసి, ఈ దేశపు డాబా వెయ్యడానికి నిశ్చయించాడు. ఆయన ఏది అడిగినా మొదట "వీలుకాదు" అనేవాడు. తెలుగులో ఆయనకు బాగా పట్టుబడిన మాట అదే. అందుచేత కూలీలు ఆయనను చాటున "వీలుకాదు దొర" అని పిలుచుకునేవారు.

డాబా అంటే మాటలు కాదు. టేకు దూలాల మీద ఇటుకలు నిలబెట్టి, పైన సున్నమూ ఇటుక ముక్కలూ కలిపి పోసి, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు చిలకరిస్తూ చేతి చెక్కలతో రోజుల తరబడి కొట్టాలి. ఆ చెక్కే దిమ్మిస. కొట్టగా కొట్టగా చెక్క ఎగిరి పడాలి, కింద గుర్తు పడకూడదు. అప్పటికి కప్పు రాయి అయినట్టు. ఆ పనిలో పేరుపడిన ముఠా బంగారి అచ్చియ్యమ్మది. ఆమెతో కలిసి ముప్ఫై ఇద్దరు ఆడవాళ్ళు.

అచ్చియ్యమ్మ వాడవారు అప్పటికి మూడేళ్ళ కిందటే బాప్తిస్మం పొందారు. దిబ్బల వెనుక తాటాకు పాకలో ఉపదేశి వారికి బైబిలు కథలు చెప్పేవాడు. వాన వస్తే ప్రార్థన ఆపి నెత్తిన చాటలు పెట్టుకునేవారు. ఊరంతటికీ కారని కప్పులు వేసే మనిషి, తన దేవుడి ఎదుట చాట కింద కూర్చునేది! ఆ సంగతి ఆమెను ఎంతగానో బాధించేది. అందుకే సర్కారు గుడి కప్పు కొట్టడానికి పిలుపు రాగానే ఆమెకు ఒకే ఒక్క కోరిక పుట్టింది. తాను కొట్టిన కప్పు కింద, ఆరాధన జరుగుతుండగా, ఒక్క ఆదివారం కూర్చోవాలి.

అడగందే అమ్మయినా పెట్టదు కదా. దుబాసీ జగ్గప్ప చేత అడిగించింది. గుడిలో రెండు వందల పది కుర్చీలు, ఒక్కొక్కదానికి నంబరు, ఒక్కొక్క నంబరుకు ఒక హోదా. ఒకటో నంబరు దండు కర్నలుది. నల్లవారికి నంబరు లేదు. విల్మాట్ దొర ఏమన్నాడో వేరే చెప్పాలా? వీలుకాదన్నాడు.

సరే, పని మొదలైంది. దిమ్మిస పని పాట లేకుండా జరగదు. ఒకరు అందుకుంటారు, అందరూ వంత పాడతారు, ముప్ఫై రెండు చెక్కలు ఒక్క దెబ్బగా పడతాయి. అత్తను తిట్టే పాట, మొగుణ్ణి ఆటపట్టించే పాట, గంగమ్మ పాట, ఏది తోస్తే అది. రెండో రోజున దండు పాదిరి ఆ పాటలు విని మండిపడ్డాడు. దేవుని మందిరం నెత్తిన ఈ గోల ఏమిటన్నాడు. పాట వద్దని హుకుం అయింది.

నోరు మూసుకుని కొట్టారు. ఎవరి దెబ్బ వారిది. ఒకచోట ఎక్కువ పడింది, ఒకచోట తక్కువ పడింది, ఒకచోట అసలు పడలేదు. పది రోజులకు ఒక జల్లు వచ్చింది. నీళ్ళు కారాయి. కారితే కారాయి, ఏ మూలనో కారరాదూ! సరిగ్గా బలిపీఠం మీదనే కారాయి.

విల్మాట్ దొర కోపంతో కందగడ్డలా ఎర్రబడ్డాడు. వచ్చే నెలలోనే చెన్నపట్నం నుంచి తనిఖీ కర్నలు వస్తున్నాడు. కప్పు కారిందంటే దాన్ని విప్పించి, సీమ పలకలతో వాలుకప్పే వేయిస్తారు. ముఠాను వెళ్ళగొడతారు. అచ్చియ్యమ్మకు ఇక ఈ కప్పు మీదికీ, కిందికీ వచ్చే దారి ఉండదు.

"ఏమే, ఇదేనా నీ పనితనం?" అని దొర అడిగించాడు.

"కొట్టేది సెయ్యి కాదు బాబూ, పాట," అన్నది అచ్చియ్యమ్మ. "పాట తీసేసినారు. ఉత్త సేతులు ఏటి కొడతాయి?"

ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని జగ్గప్ప నవ్వాడు. విల్మాట్ దొర నవ్వలేదు. దండులో డప్పు లేకుండా నలుగురు సిపాయిలు కూడా కలిసి నడవలేరని ఆయనకు తెలుసు. పాదిరి దగ్గరికి వెళ్ళి వాదించాడు. చివరికి పాదిరి కొంచెం మెత్తబడి, పాడితే దేవుని పాటలే పాడాలన్నాడు. తమ కీర్తన ఒకటి స్వయంగా పాడి వినిపించాడు కూడా. ఆడవాళ్ళు శ్రద్ధగా విన్నారు. "ఒలమ్మా! ఈ పాటకి కొడితే దెబ్బకీ దెబ్బకీ మధ్యన అన్నం వండుకొచ్చేయొచ్చు!" అన్నది అచ్చియ్యమ్మ. అందరూ పకపకా నవ్వారు. ఏమన్నారని పాదిరి అడిగితే, రాగం చాలా గంభీరంగా ఉందన్నారని జగ్గప్ప చెప్పాడు.

అప్పుడు అచ్చియ్యమ్మే కట్టింది పాట. నీళ్ళు దూరకుండా ఓడకు కీలు, అంటే తారు పూసిన నోవహు కథ పాకలో విన్నది తీసుకుని దిమ్మిస దెబ్బకు సరిపెట్టింది.

నోవహయ్య ఓడకీ, కొట్టు దిమ్మిస!
కీలు పూసినారటా, కొట్టు దిమ్మిస!
సుక్క నీరు దూరలేదు, కొట్టు దిమ్మిస!
మేక లోన కూకుంది, కొట్టు దిమ్మిస!
కోతి లోన కూకుంది, కొట్టు దిమ్మిస!
మేమెందుకు కూకోమూ, కొట్టు దిమ్మిస!

పాట దేని గురించి అని పాదిరి అడిగాడు. "నోవహు ఓడ గురించండి," అన్నాడు జగ్గప్ప. అబద్ధమేమీ కాదు. పాదిరి పరమానందభరితుడయ్యాడు. విల్మాట్ దొరకు మాత్రం ఆ చివరి చరణం చెవిన పడింది, అర్థమూ అయింది. ఆయన పని కానివ్వమని కూలీలకు సైగ చేశాడు.

పై పొరంతా చెక్కివేసి కొత్త సున్నం పోశారు. పద్దెనిమిది రోజులు కొట్టారు. ఆ దెబ్బ రేవులోని పడవలవాళ్ళకు కూడా వినిపించేదట, వాళ్ళు కూడా దానికే తెడ్డు వేసేవారట. పద్దెనిమిదో రోజుకు చెక్క వేస్తే గంట కొట్టినట్టు ఖంగుమంది.

తనిఖీ కర్నలు రానే వచ్చాడు. ఆయనకు ఈ దేశపు కప్పుల మీద నమ్మకం లేదు. తూములు మూయించి, కప్పు మీద జానెడు ఎత్తున నీళ్ళు నింపించాడు. మూడు రోజులు అలాగే ఉండాలన్నాడు. కింద నేలంతా గుడ్డలు పరవమన్నాడు, చుక్క పడితే తెలియడానికి.

అచ్చియ్యమ్మ ముందుకు వచ్చింది. "గుడ్డకి నోరుందా బాబూ? ఎవరు కొట్టిన జాగా ఎక్కడుందో మాకు తెలుసు. ఎవరి జాగా కింద వాళ్ళం కూకుంటాం. సుక్క పడితే మా నెత్తినే పడనీండి. సెప్పకపోతే మా సున్నం మా కంట్లో పొయ్యండి."

కర్నలుకు ఆ మాట నచ్చింది. పాదిరి అడ్డం వచ్చాడు. అవి సర్కారు కుర్చీలు, నంబర్ల కుర్చీలు అన్నాడు. కప్పుకు నంబర్లు లేవన్నది అచ్చియ్యమ్మ. బలిపీఠం ఎదుటి భాగం ఆమె కొట్టినది. దాని కింద ఉన్న కుర్చీ ఒకటో నంబరుది. తిన్నగా వెళ్ళి దానిలో కూర్చుంది.

మూడు పగళ్ళు కూర్చున్నారు. పైన చెరువు, కింద ముప్ఫై రెండు పొడి తలలు. మూడో రోజు మధ్యాహ్నం కర్నలు ఎర్ర ఉన్ని కోటు తొడుక్కుని, విల్మాట్ దొరను, పాదిరిని వెంటబెట్టుకుని వచ్చాడు. వరుస వరుసా చూసుకుంటూ అచ్చియ్యమ్మ దగ్గర ఆగాడు. ఆమె కుర్చీ చేతి మీద టప్పున ఒక చుక్క పడింది.

"చుక్క!" అని కర్నలు అరిచాడు. ఆడవాళ్ళందరూ ఒక్కసారి తలలెత్తారు. ఇంకొక చుక్క పడింది. అచ్చియ్యమ్మ లేచి నిలబడింది. పైకి చూసింది. తర్వాత కర్నలు గడ్డం వైపు చూసింది.

"కప్పుది కాదు దొరా," అన్నది. "తమరిది."

ఎండాకాలంలో ఉన్ని కోటు! చెమట ధారగా కారుతోంది. కర్నలు గడ్డం తుడుచుకున్నాడు. చుక్కలు ఆగిపోయాయి. ముందు ఆయనే నవ్వాడు. ఆపైన గుడంతా నవ్వింది. ఈ దేవాలయంలో వినిపించిన మొదటి స్తోత్రం ఆ నవ్వేనని మా పెద్దలు చెబుతారు.

కప్పు నెగ్గింది. ఇటువంటి కప్పును ఏటా పరీక్షించాలని కర్నలు ఉత్తర్వు చెప్పసాగాడు. తొలకరి పడ్డాక నీళ్ళు నింపి, కొట్టినవారుగాని వారి సంతతివారుగాని తమ తమ భాగాల కింద కూర్చుని చూడవలెను. విల్మాట్ దొర రాసుకుంటున్నాడు. ఏ రోజున అని అడిగాడు.

"ఆదివారం పెట్టండి బాబూ," అన్నది అచ్చియ్యమ్మ అమాయకంగా. "మిగతా రోజుల్లో మాకు కూలి పోతాది."

పాదిరి ఉలిక్కిపడ్డాడు. ఆదివారం ఆరాధన ఉంటుంది, మార్చి రాయమన్నాడు. విల్మాట్ దొర కలం ఆపకుండానే, తనకు బాగా పట్టుబడిన ఆ ఒక్క తెలుగుమాటతో జవాబిచ్చాడు. "వీలుకాదు."

మరుసటి ఏడు తొలకరి ఆదివారం నాడు గంట మోగింది. ముప్ఫై ఇద్దరూ తలంట్లు పోసుకుని, ఉతికిన కోకలు కట్టి వచ్చారు. పాదిరి వాక్యం చదువుతుండగా, సర్కారు ఉత్తర్వు ప్రకారం, అచ్చియ్యమ్మ ఒకటో నంబరు కుర్చీలో కూర్చుంది. దండు కర్నలు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆమె ఏడ్చిందని కొందరంటారు. మా నాయనమ్మ ఒప్పుకునేది కాదు. "ఏడవడమేటి? దర్జాగా కూకుంది!" అనేది.

ఆ తర్వాతి ఏట చుక్కకు సాక్షి ఉండాలని అచ్చియ్యమ్మ మొగుణ్ణి తీసుకువచ్చింది. సాక్షికి తోడని పిల్లలు వచ్చారు. పిల్లలతో వాడ వచ్చింది. క్రమంగా దండు పోయింది. దొరలు పోయారు. ఆ ఉత్తర్వును ఇంతవరకు ఎవరూ రద్దు చెయ్యలేదు.

నేటికీ తొలకరి తర్వాతి మొదటి ఆదివారం నీళ్ళ ఆదివారమే. కప్పు మీద నీళ్ళు నింపుతారు. ఆడవాళ్ళు మెట్ల మీద కరక్కాయ నీళ్ళు చల్లి దిమ్మిసలు వేస్తూ నోవహు పాట పాడతారు. ఇల్లు కట్టుకునేవారు ఏ మతంవారైనా వచ్చి ఆ నీళ్ళు చెంబుతో పట్టుకుపోయి పునాదిలో చల్లుకుంటారు. ఆ ఇళ్ళు కారవని, ఆ ఇంటి ఆడబిడ్డలు ఎవరి గుమ్మం ముందూ తల వంచరని నమ్మకం. మీరూ రండి. ఎక్కడ కూర్చోవాలని మాత్రం ఈ గుడిలో ఎవరినీ అడగకండి. ఖాళీ ఉన్నచోట కూర్చోండి.