అరువు టైర్లు

రాయచోటి నుంచి కువైట్ పోయి ఒక ఇంట్లో వంట చేస్తూ ఉండే చెంగమ్మ మంచి మనిషే గానీ, ఏ పనికైనా కాగితం చేతికొస్తే చాలు, ఆ పని అయిపోయిందనుకునేది.

ఆమె పేరు మీద ఊళ్లో ఒక చిన్న వ్యాన్ ఉండేది. దాన్ని ఆమె భర్త రెడ్డెయ్య నడిపేవాడు. రోజూ తొమ్మిది మంది పిల్లల్ని బడికి తీసుకుపోయి, సాయంత్రం ఇళ్లకు చేర్చేవాడు. ఆ తొమ్మిది మందిలో వాళ్ల కూతురు హేమ కూడా ఉండేది. దారిలో ఒక పెద్ద మిట్ట ఉంది. అది ఎక్కేటప్పుడు బండి మూలిగేది, దిగేటప్పుడు పిల్లలు సంతోషంగా కేకలేసేవాళ్లు.

మూడు నెలలకోసారి కట్టే రోడ్డు ట్యాక్సును చెంగమ్మ కువైట్ నుంచే ఫోన్లో కట్టేసేది. ఇన్సూరెన్సూ అంతే. రసీదు రాగానే రెడ్డెయ్యకు పంపి, "అయిపాయ" అని మెసేజ్ పెట్టేది. కానీ ఏడాదికోసారి చేయించే ఎఫ్‌సీ మాత్రం ఫోన్లో అయ్యేది కాదు. బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని బ్రేక్ ఇన్‌స్పెక్టరు చూసి ఇచ్చే సర్టిఫికెట్ అది. బండి పోయి ఆయన ముందర నిలబడాల్సిందే.

గడువు ఇంకో రెండు రోజులు ఉందనగా రెడ్డెయ్య ఫోన్ చేశాడు.

"ఏమ్మే, టైర్లు అరిగి గుండు మాదిరి అయిపోయినాయి. ఈసారి పాస్ చేయరు."

"మరి పోయినేడు ఎట్ల చేసినారు?"

"పోయినేడు స్టాండు సెట్టు తగిలించినాం గదా."

వ్యాన్ల స్టాండులో ఒక అలవాటు ఉండేది. అక్కడ బండ్లన్నీ ఒకే రకం. అందుకని నాలుగు మంచి టైర్లు, మంటలార్పే సిలిండరు, మందుల డబ్బా పంచర్ షాపులో పెట్టి ఉంచేవాళ్లు. ఎవరి బండికి ఎఫ్‌సీ వస్తే వాళ్లు ఆ పూటకు తగిలించుకుపోయేవాళ్లు. సర్టిఫికెట్ రాగానే విప్పేసి, మళ్లీ షాపులో పడేసేవాళ్లు.

"అయితే ఈసారీ అదే తగిలించు. దానికింత ఆలోచన దేనికయ్యా?" అంది చెంగమ్మ.

"అది కాదుమే. వానలు మొదలయినాయి. మిట్ట కాడ బండి జారతాంది. కొత్తవి ఏయిద్దాం."

"ముందు కాగితం రానీ. అది లేకుంటే బడోళ్లు బండిని గేటు కాడికే రానీరు. టైర్ల సంగతి మళ్లీ చూద్దాం."

రెడ్డెయ్య భార్య మాటకు ఎదురు చెప్పే మనిషి కాదు. సరేనన్నాడు.

ఎఫ్‌సీ రోజు సన్నగా వాన పడుతూ ఉంది. గడువుకు అదే ఆఖరి రోజు. చెంగమ్మ మనసు ఆగక వీడియో కాల్ పెట్టమంది. అక్కడ పెనం మీద గుడ్లు వేగుతూ ఉంటే, ఫోను అల్మారాకు ఆనించి ఇక్కడి బండ్ల వరస చూస్తూ ఉంది.

ఇన్‌స్పెక్టరు వయసైన మనిషి. లైట్లు వేయించాడు, హారన్ కొట్టించాడు, బ్రేకు తొక్కించాడు. తర్వాత ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. టైరు మీద పచ్చ పెయింటు మరక ఒకటి ఉంది.

"ఏమప్పా, ఇది సోమవారం వచ్చింది గదా?" అన్నాడు.

"లేదు సార్, ఈ బండి ఈరోజే తెచ్చినా."

"బండిని కాదప్పా, టైరును అడుగుతాండా. సోమవారం ఒక బండికొచ్చింది, బుధవారం ఇంకో బండికొచ్చింది. నాకంటే ఈ టైరే కరెక్టుగా డ్యూటీకొస్తాంది."

వరసలో ఉన్న డ్రైవర్లు పకపకా నవ్వారు. రెడ్డెయ్య తల దించుకున్నాడు.

"సార్, సార్! ఓనర్ని నేనే సార్," అని ఫోన్లోంచి చెంగమ్మ అరిచింది. "కువైట్‌లో ఉండాను. ట్యాక్సు కట్టేసినా, ఇన్సూరెన్సు ఉంది. ఈ ఒక్క కాగితం ఇచ్చేయండి సార్. పిల్లల బండి సార్."

ఇన్‌స్పెక్టరు ఫోను చేతిలోకి తీసుకున్నాడు. కోప్పడలేదు.

"పిల్లల బండా తల్లీ? మీ పిల్లలు కూడా ఎక్కుతారా?"

"మా పాప ఎక్కుతాది సార్."

"సరే, ఒక పని చేద్దాం. ఈ టైర్లు తీసేసి మీ టైర్లే వేయిద్దాం. పాపను బడి నుంచి పిలిపించి ఇందులో కూర్చోబెడదాం. మీ ఆయన ఈ వానలో రోజూ పోయే దారిలోనే పోయి రానీ. నువ్వు ఫోన్లో చూస్తా ఉండు. బండి క్షేమంగా వస్తే వెంటనే సంతకం పెడతా. సరేనా?"

చెంగమ్మ సరేనందామని నోరు తెరిచింది. సరేనంటే కాగితం వస్తుంది. కానీ తడిసిన మిట్ట, ఆ గుండు టైర్లు, కిటికీ పక్కన కూర్చున్న హేమ, అన్నీ కళ్లముందు కనబడ్డాయి. వెనకాల గుడ్లు మాడిపోయాయి. ఇంటామె పరుగున వచ్చి పొయ్యి ఆపింది.

"వద్దు సార్," అంది చెంగమ్మ. "మా పాపను ఎక్కించొద్దు."

"మరి నిన్న ఎక్కించినారే?"

చెంగమ్మకు ఏడుపొచ్చేసింది. "తప్పయిపోయింది సార్. కాగితం మీ దగ్గరే ఉండనీండి. టైర్లు వేయించినాక వస్తాడు," అంది.

ఆ సాయంత్రం రెడ్డెయ్య పిల్లల్ని బండి ఎక్కించలేదు. చిన్నవాళ్లను ఆటోలో పంపి, మిగతావాళ్లను గొడుగుల కింద నడిపించుకుంటూ ఇళ్లకు చేర్చాడు. ప్రతి ఇంట్లోనూ ఉన్న మాట చెప్పాడు. రెండిళ్ల వాళ్లు మరుసటి రోజే పిల్లల్ని వేరే బండికి మార్చేశారు. వాళ్లు మళ్లీ రాలేదు. ఒక అవ్వయితే గడపలోనే నిలబెట్టి తిట్టింది.

"ఇన్నాళ్లూ నా మనవణ్ణి గుండు టైర్ల మీద తిప్పినావా? సిగ్గుందా నీకు?"

"లేకనే తిప్పినా అవ్వా," అన్నాడు రెడ్డెయ్య.

ఆ మాటకు అవ్వ కోపం సగం దిగిపోయింది. లోపలికి పోయి మజ్జిగ తెచ్చిచ్చింది. "కొత్తవి ఎప్పుడేయిస్తావు?"

"సోమవారానికి."

"అయితే అందాక నేనే నడిపించుకుపోతాలే. నాకూ కాళ్లు సాగుతాయి."

కమ్మలకని దాచుకున్న డబ్బును చెంగమ్మ టైర్లకు పంపింది. సిలిండరు, మందుల డబ్బా కూడా సొంతానికి కొనిపించింది. ఇన్‌స్పెక్టరు అన్నీ తడిమి చూసి సంతకం పెట్టాడు. మరుసటి రోజు నుంచి ఏడుగురు పిల్లలతో బండి బడికి పోయింది.

వారం తర్వాత గట్టి వాన కురిసింది. ఆ రాత్రి హేమ ఫోన్లో ఆయాసపడుతూ చెప్పింది.

"అమ్మా, మిట్ట దిగేటప్పుడు గొర్రెలన్నీ అడ్డమొచ్చేసినాయి! నాయన బ్రేకు తొక్కితే బండి ఉన్నచోటే నిలబడిపాయ. ఒక గొర్రెపిల్ల ముందర నిలబడి మమ్మల్నే చూసింది."

"మరి నువ్వేం చేసినావే?"

"టాటా చెప్పినా!"

చెంగమ్మ కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది.

పరీక్ష గట్టెక్కడానికి చేసే పని ఆ పూటకే పనికొస్తుంది. మనవాళ్ల ప్రాణం దాని మీదే ఉందనుకొని చేసే పనే నిజమైన పని.