జేబులో చెయ్యి

ఓబులేసుకు ఒక సంగతి అంతుపట్టలేదు. బండి ఇంత బాగా తయారైతే ఉస్తాద్ దాని యజమానికి తాళంచెవి ఎందుకివ్వడం లేదు?

ఆదోనిలో దస్తగిరి ఉస్తాద్ మెకానిక్ షెడ్డు తెలియని బండివాళ్లు లేరు. ఓబులేసు ఆయన దగ్గర ఆరేళ్లుగా పని నేర్చుకుంటున్నాడు. ఈ బండి పని మాత్రం మొదటి నుంచి చివరిదాకా ఒక్కడే చేశాడు.

బండి పాములేటిది. ఊరూరా తిరిగి కరెంటు మీటర్లు చూసి బిల్లులు కొట్టే మనిషి. పోయినేడు కిందపడి భుజం దగ్గర నరం తెగింది. ఎడమ చెయ్యి ఉండీ లేనట్టే. వదిలేస్తే ఊగులాడుతుందని కుడిచేత్తో పట్టి ప్యాంటు జేబులో పెట్టుకుంటాడు. ఇక క్లచ్ ఏం పడతాడు? స్కూటర్ కొనుక్కోమని కొందరు సలహా ఇచ్చారు. దాని వెనక బ్రేకు ఎడమ చేతి పక్కే ఉంటుందని వాళ్లకు తట్టలేదు. సలహాకేం, ఊరికే వస్తుంది. ఒకటో తారీఖుకల్లా బండెక్కకపోతే పని ఇంకొకరికి ఇచ్చేస్తానని కాంట్రాక్టరు చెప్పేశాడు. ఇక రెండు రోజులే ఉన్నాయి.

ఓబులేసు క్లచ్ విప్పి, పాత మోపెడ్లలో ఉండే పద్ధతిలో కొత్త సామాను బిగించాడు. ఇప్పుడు క్లచ్ నొక్కే పనే లేదు. ఎక్సలేటర్ తిప్పితే అదే పట్టుకుంటుంది, తగ్గిస్తే అదే వదిలేస్తుంది. గేర్లు మామూలుగా కాలితో మార్చుకోవడమే. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, పొద్దున్నుంచి షెడ్డు ముందే ఎనిమిదిసార్లు తిప్పి చూసుకున్నాడు. మురిసిపోయాడు. మురిసిపోవలసిన పనే చేశాడు, కాదనను.

"ఎట్లుంది ఉస్తాద్?"

"బాగుంది," అన్నాడు దస్తగిరి. కానీ ఆయన బండిని చూడడం లేదు. బెంచీ మీద టీ తాగుతున్న పాములేటిని చూస్తున్నాడు. పాములేటి ముక్కు మీద ఈగ వాలింది. గ్లాసు కింద పెట్టి, ఈగను తోలి, మళ్లీ గ్లాసు అందుకున్నాడు పాములేటి.

"మరి తాళంచెవి ఇచ్చేద్దామా?"

"నా కండ్లద్దాలు ఇంట్లో మర్చిపోయినా. ఈ బండి మీదే పోయి పట్కరా."

ఓబులేసు బండెక్కాడు.

"ఆగు. ఎడమ చెయ్యి జేబులో పెట్టుకో."

"ఎందుకు?"

"పెట్టుకో బేటా. నిదానంగా పో."

ఓబులేసుకు నవ్వొచ్చింది. క్లచ్ అవసరం లేదని తనకు తెలియకనా! సరే, చూపిద్దామనుకున్నాడు.

ఉస్తాద్ ఇల్లు కిలోమీటరు కూడా ఉండదు. బండి మెత్తగా కదిలింది. పత్తి మార్కెట్ దగ్గర గొర్రెల మంద అడ్డమొచ్చింది. చెయ్యి దానంతటదే బయటికొచ్చి హారన్ కొట్టింది. ఛీ అనుకుని మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. మలుపులో వెనక లారీ వస్తోంది. ఇండికేటర్ వేయడానికి మళ్లీ తీశాడు.

మూడోసారి తీయకూడదని గట్టిగా అనుకున్నాడు. అంతలో తట్ట నెత్తిన పెట్టుకున్న ఒక అవ్వ, వెనక్కి చూడకుండా రోడ్డు మీదికి దిగింది. "అవ్వా! అవ్వా!" అని అరిచాడు. ఆమెకు వినపడలేదు. కుడిచేత్తో, కాలితో రెండు బ్రేకులూ పట్టి, ఎడమ చెయ్యి బయటికి లాగి హారన్ నొక్కిపట్టాడు. అవ్వ ఉలిక్కిపడి పక్కకు జరిగింది.

"ముందే కొట్టేకేమిరా, సచ్చినోడా!"

ఓబులేసు కళ్లద్దాలు తెచ్చి ఉస్తాద్ చేతిలో పెట్టాడు. ఉస్తాద్ తీరిగ్గా పెట్టుకున్నాడు.

"ఎన్ని తూర్లు తీసినావు?"

"ఏంది ఉస్తాద్?"

"చెయ్యి."

ఓబులేసు తల వంచుకున్నాడు. "మూడు తూర్లు."

దస్తగిరి బెంచీ వైపు చూశాడు.

"ఆయప్ప ఒక్క తూరి గూడా తీయలేడు కదరా."

ఓబులేసుకు సిగ్గేసింది. ఆ అవ్వ కళ్లముందు మెదిలింది. పాములేటి దగ్గరికి పోయాడు.

"హారన్ ఎడమపక్క ఉంటాదని ముందే ఎందుకు చెప్పలేదన్నా?"

"ఏడాదైపాయ బండెక్కి. నాకే గుర్తు లేదు నాయనా. కదిలితే చాలనుకుంటి."

"ఇంకో రెండు గంటలు కూసోన్నా," అన్నాడు ఓబులేసు.

హారన్, ఇండికేటర్, లైటు మీటలు మూడూ విప్పాడు. వైర్లు పొడుగు చేసి కుడిపక్కకు మార్చాడు. బిగించాక సీటు మీద కూర్చుని, ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని, బొటనవేలితో ఒక్కొక్కటీ నొక్కి చూశాడు. హారన్ అందలేదు. విప్పాడు, జరిపాడు. మళ్లీ కూర్చున్నాడు. ఇప్పుడు ఎక్సలేటర్ తిప్పితే వేలు తప్పిపోతోంది. మళ్లీ విప్పాడు. ఈసారి ఎట్లుందని ఉస్తాద్‌ను అడగలేదు.

దస్తగిరే లేచి వచ్చి తాళంచెవి పాములేటికి ఇచ్చాడు.

పాములేటి చెయ్యి జేబులో సర్దుకుని బండెక్కాడు. మిట్టమధ్యాహ్నం, రోడ్డు మీద కుక్క కూడా లేదు. అయినా మలుపు దాకా హారన్ కొట్టుకుంటూనే పోయాడు.

ఆ మోత వినపడకుండా పోయేదాకా ఓబులేసు అక్కడే నిలబడ్డాడు. అతని ఎడమ చెయ్యి ఇంకా జేబులోనే ఉంది.