మూడు పున్నముల తీర్పు

అనగనగా ఒక అడవిలో, ఎండాకాలం వస్తే ఇంకిపోయే మడుగొకటి ఉండేది పిల్లలూ. ఆ మడుగు గట్టున తెల్లయ్య, మల్లమ్మ అనే రెండు కొంగలు కాపురం ఉండేవి. వాళ్లకో చిన్న పిల్ల. ఇద్దరికీ పడలేదు. తప్పెవరిదని నన్నడగకండి, నాకూ తెలియదు. మల్లమ్మ పిల్లను తీసుకుని అవతలి గట్టున తుమ్మచెట్టు మీదికి వెళ్లిపోయింది. తెల్లయ్య పిల్లకు రోజుకో చేప ఇవ్వాలని పెద్దలు చెప్పారు.

ఇంతలో ఎండలు ముదిరాయి. తెల్లయ్యకు తన కడుపే నిండలేదు. ఇరవై రోజులు చేప ఇవ్వలేదు, ఎందుకివ్వలేదో చెప్పనూ లేదు. వానలు పడ్డాక పిల్లను చూద్దామని తుమ్మచెట్టు దగ్గరికి వెళ్లాడు.

"ముందు ఆ ఇరవై చేపలూ తీసుకురావయ్యా. ఆ తర్వాతే పిల్లను చూపిస్తా" అంది మల్లమ్మ.

"అమ్మా, కిందెవరు?" అని గూట్లోంచి పిల్ల గొంతు వినిపించింది. మల్లమ్మ రెక్క చాపి గూటిని కప్పేసింది.

తెల్లయ్య మనసు చివుక్కుమంది. తిన్నగా కాకి లాయరు దగ్గరికి వెళ్లి మూడు ప్రశ్నలు అడిగాడు.

"మడుగు ఎండిపోయిన రోజులకు కూడా నేను బాకీయేనా? బాకీ ఉంటే తండ్రి పిల్లను చూడకూడదా? పిల్లను నా దగ్గరే ఉంచుకునే దారేదైనా ఉందా?"

"అన్నీ తాబేలు తాతనే అడుగుదాం. తీర్పు వచ్చేదాకా ఒక్క చేప ఇవ్వకు. ఇచ్చావా, తప్పు ఒప్పుకున్నట్టే" అంది కాకి. చెప్పినందుకు రెండు చేపలు పుచ్చుకుంది.

అడవిలో తగవులు తీర్చే తాబేలు తాతకు మూడు వందల ఏళ్లు. తొందరంటే ఏమిటో ఎరగడు. మొదటి వాయిదాకు అందరి మాటా విని, "పై పున్నమికి రండి" అన్నాడు. రెండో వాయిదాకు కాకి ఆలస్యంగా వచ్చింది. "సరే, పై పున్నమికి రండి" అన్నాడు.

బయటికి వచ్చాక మల్లమ్మ నీరసంగా నిలబడింది.

"ఏమయ్యా, నేనిక తిరగలేను. నీ మీద కోపంతో పిల్ల కడుపు మాడుస్తున్నాను. రోజూ ఒక్క చేప తెచ్చి కింది కొమ్మ మీద కూర్చో. పిల్ల దిగి వచ్చి తింటుంది, నువ్వూ కళ్లారా చూసుకో. మిగతావి తర్వాత తేల్చుకుందాం."

తెల్లయ్యకు వెళ్లాలనే ఉంది. ముక్కున చేప కూడా ఉంది. కాకి వైపు చూశాడు. కాకి వద్దన్నట్టు తల ఊపింది. తెల్లయ్య ఆ చేపను తనే మింగేసి, "తీర్పు రానీ" అన్నాడు.

మూడో పున్నమికి తీర్పు వచ్చింది.

"మడుగు ఎండినా పిల్లకు ఆకలి వేసింది కాబట్టి ఆ ఇరవై చేపలూ బాకీయే. కష్టమొచ్చిన రోజే వచ్చి చెప్పి ఉంటే తగ్గించేవాణ్ణి. ఇక, చేపలు రాలేదని పిల్లను చూపకపోవడం తల్లి తప్పు. పిల్లను చూపలేదని చేపలు ఆపడం తండ్రి తప్పు. పిల్ల తల్లి దగ్గరే ఉంటుంది. తండ్రి రోజూ వచ్చి చూసుకోవచ్చు."

తెల్లయ్య ఆగకుండా తుమ్మచెట్టుకు ఎగిరాడు. గూడు ఖాళీగా ఉంది.

"రెక్కలొచ్చాయయ్యా. మొన్ననే వెళ్లిపోయింది" అంది మల్లమ్మ, వెనకే వచ్చి వాలుతూ.

తెల్లయ్య తాబేలు తాత దగ్గరికి తిరిగొచ్చి, "ఇంత ఆలస్యమా తాతా?" అని ఏడ్చాడు.

"ఆలస్యమేముంది నాయనా, మూడు పున్నములేగా!" అన్నాడు తాత. పాపం, ఆయనకు నిజంగానే అర్థం కాలేదు.

కొన్నాళ్లకు మడుగులో ఒక పడుచు కొంగ తెల్లయ్య పక్కన వాలింది.

"కాస్త జరుగుతారా?" అంది. ఆ గొంతు తెల్లయ్య ఎక్కడైనా గుర్తుపడతాడు. గబగబా ఒక చేపను పట్టి దాని ముందు పెట్టాడు.

"ఎవరండీ మీరు?"

"నీకు బోలెడు చేపలు బాకీ ఉన్నవాణ్ణి తల్లీ."

"నాకెందుకండీ? పట్టుకోవడం నేర్చుకున్నాను" అంది పిల్ల. ఒక్క పోటుతో తన చేప తను పట్టుకుని ఎగిరిపోయింది. తెల్లయ్య పెట్టిన చేప బురదలోనే ఉండిపోయింది.

నీతి: పెద్దల తగవు ఎన్ని వాయిదాలకైనా ఆగుతుంది, పిల్లల బాల్యం ఒక్క వాయిదాకూ ఆగదు.