ఓడిపోయాను దొరా!

మందగా వచ్చి కూనల్ని ఎత్తుకుపోయే రేచుకుక్కల బాధ పడలేక, అడవి జంతువులన్నీ కలిసి ఒక కాపలా బడి పెట్టుకున్నాయి. ఏనుగు పంతులు దానికి పెద్ద. యుద్ధం నేర్పాలంటే శత్రువు కావాలి కదా! అసలు శత్రువుని పిలిస్తే ప్రాణాలకే ముప్పని జిత్తన్న అనే నక్కని కూలికి కుదుర్చుకున్నారు. కుర్రాళ్లు మీదికి ఉరికితే వాడు వెల్లకిలా పడి, "ఓడిపోయాను దొరా!" అనాలి. ఆ మాట వినగానే గెలిచినవాడు వెనక్కి తిరిగి, తల వంచి, పంతులుకి నమస్కారం పెట్టాలి. ఎవరు త్వరగా అనిపిస్తే వాళ్లకే మార్కులు.

ఆ మాట అనిపించడంలో కొమ్మయ్య అనే దుప్పిని మించినవాడు లేడు. ఫస్టు ర్యాంకు వాడిదే. పంతులు స్వయంగా వాడి కొమ్ముకి నెమలీక కట్టాడు. వాడి చెల్లెలు చంద్రి తన కూనని ముందుకి తోసి, "చూడరా, మీ మావయ్య!" అని మురిసిపోయింది. కొమ్మయ్యకి ఆ రోజు కాళ్లు నేల మీద ఆనలేదు.

ఆఖరి ర్యాంకు కోరమల్లు అనే అడవి పందిది. నక్క ఓడిపోయానన్నా వాడు ఆగడు, పొదలు దాటేదాకా తరుముతాడు.

"ఒరేయ్ మల్లూ, ఓడిపోయానన్నాడుగా! చెవులు లేవా?" అని పంతులు కసిరేవాడు.

"అన్నాడండీ. కానీ మళ్లీ లేచాడు కదండీ!"

"ఎదురు మాటొకటి! సున్నా, పో!"

కొమ్మయ్య కిసుక్కున నవ్వేవాడు. "నీకు బురదే సుఖం లేరా."

చదువు అయ్యాక ర్యాంకుల ప్రకారమే కాపలాలు పంచారు. కూనలు మేసే లోయకి ఉన్నది ఒకటే దారి, ఇరుకు కనుమ. అది కొమ్మయ్యకి దక్కింది. మల్లుని లోయ అడుగున బురదగుంటకి తోలారు. అక్కడ కాయడానికి కప్పలు తప్ప ఏమున్నాయి, వాడి మొహం!

ఎండాకాలం ఒక పొద్దున కనుమలోకి జిత్తన్న వచ్చాడు. వాడి వెనక పొదలు కదిలాయి. కొమ్మయ్య కొమ్ములు వంచి ఉరికాడు. కొమ్ము ఇంకా తగలనే లేదు, నక్క దబ్బున వెల్లకిలా పడ్డాడు.

"ఓడిపోయాను దొరా! ఫస్టు ర్యాంకు ముందు నేనెంత, నా బతుకెంత!"

నక్క వినయం సంగతి ఎరగనిదెవరు? ఎరిగీ మోసపోయేవాళ్లకే కొదవ లేదు. ఆ మాట వింటే చాలు, కొమ్మయ్య కాళ్లు వాటంతటవే తిరిగేవి. ఇప్పుడూ తిరిగాయి. పంతులు ఉండే గట్టు వైపు తల వంచి చక్కగా నమస్కారం పెట్టాడు. నెమలీక ఊగింది. వంచిన ఆ తల పక్కనుంచే రేచుకుక్కలు బిలబిలమంటూ లోయలోకి దిగాయి.

"మావయ్యా!" అని ఒక్క కేక వినిపించింది. రెండో కేక లేదు.

కొమ్మయ్య పరుగెత్తేసరికి బురదలోంచి మల్లు లేచాడు. కోరలతో ఒక్కొక్క కుక్కనీ ఎగరేశాడు. "ఓడిపోయాం బాబోయ్!" అని అవి మొత్తుకున్నా వినలేదు, కనుమ దాటేదాకా తరిమాడు. మిగతా కూనలన్నీ దక్కాయి. చంద్రి కూన దక్కలేదు.

కొమ్మయ్య తిట్టబోతే అవతలి బండ మీంచి జిత్తన్న పళ్లికిలించాడు. "నన్నంటావేం దొరా? నేను పడితే నువ్వు తిరగాలని మీ బడే కదా నేర్పింది! నేను పడటం నేర్చుకున్నాను, నువ్వు తిరగడం నేర్చుకున్నావు."

పంతులు వచ్చి, గొంతు సవరించుకుని, "బాధపడకురా. నియమం ప్రకారం నువ్వు చేసిందాంట్లో తప్పేం లేదు. నీ ర్యాంకు నీదే" అన్నాడు.

కొమ్మయ్య నెమలీక పీకి చెల్లెలి ముందు పడేశాడు. చంద్రి దాని వంక చూడలేదు.

"తీసుకుపో అన్నా," అంది. "నా బిడ్డకి మావయ్య కావాల్సొచ్చింది. అప్పుడు నువ్వు మార్కుల కోసం నిలబడ్డావు."

మల్లు గాయాలు నాకుకుంటూ తన బురదగుంటకే పోయాడు. వాడిది బడిలో ఇప్పటికీ ఆఖరి ర్యాంకే.

బడిలో ర్యాంకు పంతులు ఇస్తాడు, కనుమలో ర్యాంకు శత్రువు ఇస్తాడు.